చెన్నైలో సెంట్రల్ స్టేషన్ కంటే రాయపురం స్టేషన్ పాతదా? మరి ఎందుకంత ఖాళీగా ఉంటుంది?

అవును, పాతదే. సెంట్రల్ 1873లో వచ్చింది. రాయపురం నుంచి అప్పటి ఆర్కాటు వైపు, వాలాజా రోడ్ దాకా 1856 జూలై 1నే రైలు నడిచింది. దక్షిణ భారతంలో మొదటి ప్రయాణికుల రైలు అదే. బొంబాయి–ఠాణా రైలు అంతకు మూడేళ్ల ముందే మొదలైనా, అక్కడి తొలి స్టేషన్ కట్టడాలు ఇప్పుడు లేవు. దేశంలో మిగిలిన వాటిలో పాత స్టేషన్ భవనంగా రాయపురాన్నే చెబుతారు.

జార్జ్‌టౌన్ వ్యాపారులకూ, సముద్రపు సరుకుకూ దగ్గరని మొదట్లో ఈ చోటు బాగా కలిసొచ్చింది. ఊరు దక్షిణానికీ పడమరకీ పెరిగాక జనం సెంట్రల్, ఎగ్మోర్‌లకు మళ్లారు. 1922 దాకా మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే ప్రధాన కార్యాలయం మాత్రం ఇక్కడే ఉంది.

ఇప్పుడు ఇక్కడ ఆగేవి ఎక్కువగా లోకల్ రైళ్లే. బీచ్ స్టేషన్లో అరక్కోణం వైపు లోకల్ ఎక్కితే తర్వాతి స్టాపే ఇది. పాత చాకలిపేటలో ఉండే మన తెలుగువాళ్లకు పక్కనే. ముందువైపు వరసగా నిలిచిన ఎత్తైన స్తంభాల పైభాగాన ఆకుల చెక్కడం చూడండి. ఇంత చరిత్ర ఉన్న చోట ఒక మంచి రైల్వే మ్యూజియం పెట్టాలని నా గట్టి అభిప్రాయం.