గేమ్ నత్తనడక నడుస్తుంటే ముందు ఏం చూడాలి

చిరంజీవికి,

నీ మెసేజ్ చూశాను. లినక్స్‌లో గేమ్ నత్తనడక నడుస్తోందనీ, అంతా చెరిపేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తాననీ రాశావు. ఆ పని చేయకు నాన్నా. లోపం ఎక్కడుందో తెలియకుండా చెరిపేస్తే అది మళ్లీ రావచ్చు. ఒకవేళ పోయినా ఎందుకు పోయిందో నీకు తెలియదు.

ముందు ఒక్క సంగతి తేల్చుకో. బొమ్మలు గీస్తున్నది నీ గ్రాఫిక్స్ కార్డేనా? టెర్మినల్‌లో జీఎల్ఎక్స్‌ఇన్ఫో (glxinfo) కమాండ్ కొట్టి, రెండరర్ అని ఉన్న లైను చదువు. కార్డు పేరుంటే సరే. ఎల్ఎల్‌వీఎంపైప్ (llvmpipe) అని ఉంటే మాత్రం పనంతా ప్రాసెసర్ మీదే పడుతోందన్నమాట. అప్పుడు గేమ్ సెట్టింగులు ఎంత తగ్గించినా లాభం లేదు, కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్ సంగతి చూడాల్సిందే. ఎన్‌విడియా కార్డయితే, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే మొదలవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉన్నప్పుడు డిజిటల్ సంతకం లేని డ్రైవర్ మాడ్యూల్‌ని కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) లోపలికి రానివ్వకపోవచ్చు. కెర్నల్ అప్‌డేట్ తర్వాతే ఈ గొడవ మొదలైందా? అయితే పాత కెర్నల్‌తో ఒకసారి బూట్ చేసి చూడు. ఏఎమ్‌డీ, ఇంటెల్ వాటికి కెర్నల్‌నీ, మెసా అనే గ్రాఫిక్స్ డ్రైవర్ల సముదాయాన్నీ అప్‌డేట్ చేస్తే చాలాసార్లు సరిపోతుంది.

రెండరర్ దగ్గర ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ పేరు కనిపిస్తే, క్యాబినెట్ వెనక మానిటర్ కేబుల్ ఎక్కడ గుచ్చి ఉందో చూడు. యూఎస్‌బీ, ఆడియో పోర్టుల పక్కన ఉంటే అది మదర్‌బోర్డుది. కార్డు పోర్టులు వాటికి దూరంగా, విడిగా ఉంటాయి. కేబుల్ అక్కడికి మార్చు. ఇంత చిన్న విషయమే చాలామందిని రోజుల తరబడి తిప్పలు పెడుతుంది.

కార్డు సరిగ్గానే ఉందనుకో, ఇక కొలవాలి. మ్యాంగోహడ్ అనే ప్రోగ్రామ్ పెట్టుకో. గేమ్ ఆడుతుండగానే తెర మూలన కార్డు, ప్రాసెసర్ ఎంత బిజీగా ఉన్నాయో, ఎంత వేడెక్కాయో, ఒక్కో ఫ్రేముకి ఎంత సమయం పడుతోందో చూపిస్తుంది. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కోటి 16.7 మిల్లీసెకన్లలో అయిపోవాలి. కార్డు వాడకం 97, 98 శాతం దగ్గర నిలిచిపోతే దాని శక్తి అంతే. రిజల్యూషన్, నీడలు తగ్గించు. కార్డు సగం ఖాళీగా ఉండి కూడా ఫ్రేములు రావట్లేదంటే ప్రాసెసర్‌ని అనుమానించు. ఇక్కడ మొత్తం శాతాన్ని నమ్మకు. ఎనిమిది కోర్లలో ఒక్కటి నిండిపోయినా మొత్తం పన్నెండు శాతమే కనిపిస్తుంది, గేమ్ మాత్రం ఆ ఒక్క కోర్ కోసమే ఆగుతుంది. పవర్ ప్రొఫైల్ సేవర్‌లో ఉందేమో చూసి పెర్ఫార్మెన్స్‌కి మార్చు. గేమ్‌మోడ్ అనే ప్రోగ్రామ్ గేమ్ నడిచినంతసేపూ ఈ మార్పు తనే చేసి పెడుతుంది.

మొదట బాగుండి కాసేపటికి మందగిస్తే వేడి చూడు. ఫ్యాన్‌కి పట్టిన దుమ్ము దులుపు.

కొత్త చోటికి వెళ్లినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి, తర్వాత అదే చోట సాఫీగా నడుస్తుంటే టెన్షన్ పడకు. విండోస్ గేమ్‌ని ప్రోటాన్‌తో (విండోస్ గేమ్‌లని లినక్స్‌లో నడిపించే ప్రోగ్రామ్) నడిపేటప్పుడు విండోస్ గ్రాఫిక్స్ భాష డైరెక్ట్‌ఎక్స్‌లో వచ్చే పిలుపుల్ని లినక్స్‌లో పనిచేసే వల్కన్‌లోకి మార్చాలి, దానికి తగ్గ షేడర్లు (కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రాములు) అప్పటికప్పుడు తయారవ్వాలి. ఒకసారి తయారైతే మళ్లీ వాడుకోవడానికి దాచి ఉంచే కాష్‌లో ఉండిపోతాయి. మొదటి గంట చూసి గేమ్ మీద తీర్పు చెప్పకు. అన్నట్టు, గేమ్‌లు విండోస్‌తో పంచుకునే ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ పద్ధతి) డ్రైవ్‌లో ఉంటే ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్ పద్ధతి) డ్రైవ్‌కి మార్చేయ్. ప్రోటాన్‌కి ఎన్‌టీఎఫ్‌ఎస్‌తో పేచీలు ఎక్కువ.

ఏది మార్చినా ఒక్కటే మార్చు, గేమ్‌లో అదే చోట మళ్లీ కొలువు, కాగితం మీద రాసుకో. నెట్‌లో దొరికిన లాంచ్ ఆప్షన్లన్నీ (గేమ్ మొదలుపెట్టేటప్పుడు ఇచ్చే అదనపు ఆదేశాలు) ఒకేసారి పెట్టేస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో ఎవరూ చెప్పలేరు.

మిగతావన్నీ బాగుండి ఆ ఒక్క గేమే మొరాయిస్తుంటే ప్రోటాన్ వెర్షన్ మార్చి చూడు. ఏ గేమ్ ప్రోటాన్‌తో ఎలా నడిచిందో ఆడినవాళ్లు రాసే ప్రోటాన్‌డీబీ వెబ్‌సైట్‌లో నీలాంటి కార్డున్నవాళ్లు ఏం రాశారో చదువు. అప్పటికీ తేలకపోతే రెండరర్ లైనూ, మ్యాంగోహడ్ కనిపించే స్క్రీన్‌షాటూ నాకు పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మామయ్య