ఎర్త్‌క్యాష్ పెట్టాలంటే ఇప్పుడు ఏ రూల్స్ చూడాలి?

టెక్సస్‌లోని ఎన్చాంటెడ్ రాక్ అనే గ్రానైట్ కొండ దగ్గర ఎర్త్‌క్యాష్ (జీపీఎస్‌తో చోట్లు వెతికే జియోక్యాషింగ్ ఆటలో ఒక రకం) పెట్టాలనుకుంటున్నారు. ఇదివరకే ఉన్న ఎర్త్‌క్యాష్‌ల పాత పేజీలు చూస్తే ఒకచోట ఫొటో తప్పనిసరి అని ఉంది, ఇంకోచోట అక్కర్లేదని ఉంది, మరోచోట బోర్డు మీది అంకె చెబితే సరిపోతుందని ఉంది. వీటిలో దేన్ని చూసి రాయాలన్నది మీ ప్రశ్న.

దేన్నీ చూసి రాయకండి. ఆ పేజీలు ఒక్కోటి ఒక్కో కాలంలో ఒప్పుకున్నవి. జియలాజికల్ సొసైటీ ఆఫ్ అమెరికా 2004లో ఈ ఎర్త్‌క్యాష్‌లు మొదలుపెట్టింది. మామూలు క్యాష్‌లా డబ్బా దాచే పని లేదు. ఒక చోటికి రప్పించి, అక్కడి భూమి గురించి ఒక పాఠం చెప్పడమే దీని పని. మొదట్లో చాలామంది "జీపీఎస్ పట్టుకుని ఫొటో దిగండి" అని షరతు పెట్టేవారు. 2011 నుంచి ఫొటో ఐచ్ఛికం అన్నారు. 2019లో మళ్లీ అడగొచ్చన్నారు, కాకపోతే ముఖం చూపించి తీరాలని పట్టుబట్టకూడదు. ముఖం వద్దనుకునేవాళ్లు చేతిలో ఏదైనా సొంత వస్తువు పట్టుకుని తీసినా ఒప్పుకోవాలి.

నన్నడిగితే ఈ ఫొటో గొడవ పైపైదే. మీ పేజీని పరిశీలించి ఒప్పుకునే రివ్యూయర్ అసలు చూసేది, వచ్చినవాళ్లకు మీరు వేసే ప్రశ్నల్ని. ఆ రాయి ముందు నిలబడి కళ్లతో చూస్తే తప్ప జవాబు రాకూడదు. ఎన్చాంటెడ్ రాక్ చుట్టూ ఉన్న నేల కంటే 425 అడుగులు ఎత్తుంటుంది, వయసు సుమారు వంద కోట్ల ఏళ్లు. ఇవి పాఠంలో రాసుకోవచ్చు కానీ ప్రశ్నలుగా పనికిరావు, ఫోన్‌లో క్షణంలో దొరుకుతాయి.

నేను ఆస్టిన్‌లో ఉంటాను. ఆ చుట్టుపక్కలే ఇలాంటి గ్రానైట్ దగ్గర నేనూ ఒకటి పెట్టాను. లోతున గట్టిపడ్డ గ్రానైట్ మీదున్న బరువంతా కోతకు గురై పోయాక, రాయి కాస్త వ్యాకోచించి, పైతలానికి సమాంతరంగా పగిలి పొరలుగా ఊడుతుంది. పాఠం అంతే. ఊడిన పొర ఎంత మందం ఉందో జానతో కొలిచి చెప్పమన్నాను. పగులు రాతి వంపుతో పాటే వెళ్తోందా, అడ్డంగా కోస్తోందా చూసి, ఎందుకలా ఉందో పాఠాన్ని బట్టి చెప్పమన్నాను. హైదరాబాద్ గుట్టల మధ్య పెరిగినవాళ్లకు ఈ ఉల్లిపొరల రాళ్లు కొత్తేం కాదు. అక్కడి గ్రానైట్ ఇంకా పాతది, దాదాపు 250 కోట్ల ఏళ్లది!

పాఠం పద్నాలుగేళ్ల పిల్లలకు అర్థమయ్యేలా ఉండాలి. వికీపీడియా పేరాలు అతికిస్తే తిప్పి పంపుతారు. స్థానిక భాష తప్పనిసరి కాబట్టి టెక్సస్‌లో ఇంగ్లిష్ ఉండాలి, దాని కింద వేరే భాష చేర్చుకోవచ్చు. నేను తెలుగు కూడా పెట్టాను. చదివేవాళ్లు ఎంతమంది అంటారా, మా అబ్బాయి చదివాడు, చాలు.

పార్కు ఆఫీసు నుంచి అనుమతి ముందే తీసుకోండి. ఎవరు ఒప్పుకున్నారో, మీ ప్రశ్నలకు జవాబులేమిటో రివ్యూయర్‌కు రాసే నోట్‌లో ఇవ్వండి, అది పేజీలో కనిపించదు. దగ్గర్లో ఉన్న ఎర్త్‌క్యాష్‌లూ ఒకసారి చదవండి. మామూలు క్యాష్‌లు ఒకదానికొకటి 161 మీటర్ల దూరంలో ఉండాలన్న నియమం వీటికి లేదు కానీ, అదే రాతి మీద అదే పాఠం ఇంకొకరు చెప్పేసి ఉంటే మీది ఒప్పుకోకపోవచ్చు. అలాంటప్పుడు పొరల్ని వదిలేసి కొండ పైన వాన నీళ్లు నిలిచే గుంటల మీద రాయండి. అవి ఎలా ఏర్పడతాయన్నది వేరే పాఠం.

ఒప్పుకున్నాక కూడా పని ఉంటుంది. వచ్చినవాళ్లు జవాబులు మీకు పంపి, మీ మాట కోసం ఆగకుండా ఆ చోటు చూశామని సైట్‌లో లాగ్ చేసుకోవచ్చు, ఆగమని మీరు షరతు పెట్టకూడదు. జవాబులు చూసుకోవాల్సింది మాత్రం మీరే.