క్యాంపింగ్‌లో ఫాయిల్ పొట్లాల వంట: మంట తగ్గేదాకా ఆగండి

పిల్లలతో మొదటిసారి క్యాంపింగ్‌కి వెళ్తున్నామనీ, అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి నిప్పుల మీద తేలిగ్గా వండుకునేవి చెప్పమనీ, మీలో ఇద్దరు శాకాహారులనీ రాశారు కదా. మేం డాలస్ దగ్గర ఉంటాం. ఏటా నవంబర్‌లో మూడు నాలుగు కుటుంబాలం కలిసి టైలర్ స్టేట్ పార్కుకి వెళ్తాం. అక్కడ ఈ పొట్లాలు కట్టే పని నాదే కాబట్టి, చేసి చూసినవి మాత్రమే చెప్తాను.

ముందు మా మొదటి ట్రిప్పు సంగతి. చీకటి పడగానే పెద్ద మంట వేసి, అది ఇంకా ఎగుస్తుండగానే కోడి లెగ్ పీసులు ఫాయిల్‌లో చుట్టి అందులో పెట్టేశాం. పావుగంటకి తీస్తే పైనంతా బొగ్గు. కోసి చూస్తే ఎముక దగ్గర ఇంకా పచ్చిగా, ఎర్రగా ఉంది. మళ్లీ పెట్టాం, మళ్లీ తీశాం. తొమ్మిదిన్నర అయింది, పిల్లలు ఆకలికి ఏడుపు మొదలెట్టారు. చివరికి బ్రెడ్డూ ఆవకాయా తిని పడుకున్నారు. ఆ రాత్రి నాకు చాలా బాధేసింది.

పడుకున్నాక కోనసీమలో మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ మంటలో ఎప్పుడూ ఏదీ కాల్చలేదు. వంట అయిపోయి కట్టెలు తీసేశాక, పొయ్యిలో మిగిలిన నివురు కింద చిలగడదుంపలు కప్పెట్టేది. మేం స్నానాలు చేసి వచ్చేసరికి తొక్క దానంతటదే ఊడొచ్చేది, లోపల వెన్నలా ఉండేది. ఫాయిల్ పొట్లానికీ కావాల్సింది సరిగ్గా అదే, నివురుగప్పిన నిప్పు. మారేడుమిల్లిలో బొంగు చికెన్ తిన్నవాళ్లకి రెండో సంగతి కూడా తెలిసే ఉంటుంది. మూత బిగించి ఉంటే ముక్కలో ఉన్న తడే ఆవిరై ముక్కని ఉడికిస్తుంది. వెదురు బొంగు చేసే పని ఇక్కడ ఫాయిల్ చేస్తుంది.

కాబట్టి తినాలనుకున్న టైముకి గంటన్నర, రెండు గంటల ముందే కట్టెలు అంటించండి. ఓక్ లాంటి గట్టి కర్ర అయితే మంచి నిప్పులు వస్తాయి. పైన్ కర్రకి పొగ ఎక్కువ, నిప్పు నిలవదు. కర్ర ఇంటి దగ్గర్నుంచి మోసుకెళ్లకండి, దాంతోపాటు చెట్లని తినే పురుగులు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాకుతాయి. టెక్సస్ స్టేట్ పార్కుల్లో కింద పడిన కర్ర ఏరుకోవడం కూడా నిషేధమే. పార్కులో గానీ, దాని దగ్గర్లో గానీ కొనుక్కోండి. మంట తగ్గి నిప్పుల మీద తెల్లటి బూడిద పొర కనబడ్డాక, వాటికి జానెడు ఎత్తున అరచెయ్యి పట్టుకుని నెమ్మదిగా అంకెలు లెక్కపెట్టండి. నాలుగైదు దాకా ఓర్చుకోగలిగితే పొట్లాలు పెట్టే వేడి వచ్చినట్టే. రెండుకే చెయ్యి లాగేస్తే ఇంకాసేపు ఆగాలి. ఇంకో కిటుకు: మంటని ఒక పక్కకే ఉంచి, అక్కడ తయారైన నిప్పుల్ని కర్రతో రెండో పక్కకి లాక్కుంటూ ఉండండి. అప్పుడు రెండో విడత పొట్లాలకి నిప్పులు చాలకపోవడం ఉండదు.

ఫాయిల్ హెవీ డ్యూటీది, పద్దెనిమిది అంగుళాల వెడల్పుది కొనండి. మామూలుది అయితే తిప్పేటప్పుడే చిరుగుతుంది. మనిషికో పొట్లం, పొట్లానికి మూరెడు ముక్క. మెరిసే వైపు లోపలా బయటా అని చాలామంది అడుగుతుంటారు, ఎటున్నా వంటలో తేడా రాదు. ముందు నూనె రాసి, అడుగున చక్రాల్లా కోసిన ఉల్లిపాయ పరవండి. మాడితే ఉల్లిపాయే మాడుతుంది, కూరకి ఏమీ కాదు. పైన ముక్కలు పెట్టి, రెండు అంచులూ ఎత్తి కలిపి రెండు మూడు మడతలు వేసి, ఆ తర్వాత చివర్లు మడవండి. కిరాణా కొట్టు పొట్లంలా బిగించి కట్టకండి, ఆవిరి తిరగడానికి లోపల రెండు వేళ్ల ఖాళీ ఉండాలి. దాని మీద ఇంకో ఫాయిల్ చుట్టండి.

చికెన్‌కి ఎముక లేని తొడ మాంసం బాగుంటుంది. బ్రెస్ట్ తొందరగా పీచులా అయిపోతుంది. అంగుళం ముక్కలు కోసి, అల్లం వెల్లుల్లి, కారం, పసుపు, ఉప్పు, గరం మసాలా, రెండు చెంచాల పెరుగు, కాస్త నూనె పట్టించి జిప్ కవర్లో వేసి ముందురోజే ఫ్రీజర్లో పెట్టేయండి. కూలర్లో అదే ఐస్ ముక్కలా పనిచేస్తుంది, సాయంత్రానికి మెత్తబడుతుంది. మెత్తబడినా కూలర్లో చల్లగానే ఉండాలి, బయట పెట్టి వదిలేయకండి. అక్కడ ఉల్లిపాయ పరుపు మీద చికెన్, కాప్సికం, గుప్పెడు పుదీనా వేసి మడిచేయడమే. ఇరవై నుంచి ఇరవై ఐదు నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పాలి. కానీ చికెన్ విషయంలో గడియారాన్ని నమ్మకండి. పది పదిహేను డాలర్లకి వంట థర్మామీటర్ దొరుకుతుంది, లావు ముక్క మధ్యలో గుచ్చితే 165 ఫారెన్‌హీట్, అంటే 74 సెల్సియస్ చూపించాలి. మొదటి ఏడాది అనుభవం తర్వాత నేను అది లేకుండా బయల్దేరను. చేప అయితే 145 చాలు, పది పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది.

శాకాహారులకి నేను చేసేది గుత్తి వంకాయ, నిజానికి మా క్యాంపులో ముందు ఖాళీ అయ్యేది అదే. వేయించిన పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి, ఎండుమిర్చి, జీలకర్ర, ధనియాలు, వెల్లుల్లి, ఉప్పు ఇంట్లోనే పొడి కొట్టి డబ్బాలో పట్టుకెళ్తాను. చిన్న లేత వంకాయలు గుత్తిగా చీల్చి, నూనెలో కలిపిన ఆ పొడి కూరి, పొట్లానికి నాలుగు చొప్పున పెట్టి, పైన ఇంకో చెంచా నూనె, రెండు చెంచాల నీళ్లు చిలకరిస్తాను. ఇరవై ఐదు నిమిషాలు. ఫాయిల్ విప్పగానే కాలిన వంకాయ వాసన, దాని వెనకే నువ్వుల వాసన వస్తాయి. పొడి కాస్త అడుగంటి గోధుమరంగులోకి మారిన చోట ఉండే రుచి ఇంట్లో స్టవ్ మీద నాకు ఎప్పుడూ రాలేదు. ఇందులో చింతపండు మాత్రం వేయకండి. పులుపు అల్యూమినియంని కొరుకుతుంది, కూరకి లోహపు రుచి వస్తుంది. టమాటాకీ అంతే. నిమ్మకాయ తినేముందు పిండుకోండి. పులుపు వేసి తీరాలంటే ముందు బేకింగ్ పేపర్లో చుట్టి, దాని మీద ఫాయిల్ చుట్టండి. నిప్పుకి ఆ కాగితం తగలకూడదు.

బంగాళాదుంపలు ఇంట్లో సగం ఉడికించి తీసుకెళ్లండి. పచ్చివి అయితే ఉడకడానికి చాలాసేపు పడుతుంది, ఈలోగా చికెన్ చల్లారిపోతుంది. మొక్కజొన్న పొత్తులు వెన్న, కారం, ఉప్పు రాసి పదిహేను ఇరవై నిమిషాలు. పనీర్ పన్నెండు నిమిషాలు. అన్నం ఫాయిల్‌లో వండాలని చూడకండి. మొదటి రాత్రికి ఇంటి నుంచి పులిహోర తెచ్చుకుంటే సరిపోతుంది, లేకపోతే టోర్టియాలు నిప్పుల పక్కన వేడి చేసుకుంటే చపాతీల్లా కూరకి బాగానే నప్పుతాయి.

పిల్లలకి చివర్లో అరటిపండ్లు. తొక్క తీయకుండా నిలువునా చీల్చి, మధ్యలో బెల్లం తురుము, యాలకుల పొడి, అర చెంచా నెయ్యి పెట్టి ఫాయిల్ చుట్టి పది నిమిషాలు. చాక్లెట్ కావాలంటే అదీ పెట్టుకోవచ్చు, మా అమ్మాయికి మాత్రం బెల్లమే కావాలి. ఎవరి పండు వాళ్లనే చుట్టుకోనివ్వండి, నిప్పుల్లో పెట్టడం, తీయడం మాత్రం పెద్దవాళ్లే చేయాలి.

పొట్లం విప్పేటప్పుడు ఆవిరి ఒక్కసారిగా ఎగదన్నుతుంది. రెండో ఏడాది నా మణికట్టు కాలింది అలాగే. పట్టకారుతో తీసి పళ్లెంలో పెట్టి రెండు నిమిషాలు ఆగి, మీకు అవతలి వైపు నుంచి విప్పండి.

మీ శాకాహారుల కోసం ఇంకో మాట. కాలాక పొట్లాలన్నీ ఒకేలా కనబడతాయి, మార్కర్‌తో రాసిన పేరు మసికి కనబడదు. నేను శాకాహారం పొట్లాల చివర్లు తోకలా మెలిపెడతాను, మాంసం పొట్లాలు చదునుగా ఉంచుతాను. నిప్పుల్లో కూడా వాళ్లది వేరే పక్క, వేరే పట్టకారు. మొదటిసారి ఇలా చేసినప్పుడు మా వదిన ఏ అనుమానం లేకుండా కడుపునిండా తిన్నది, ఆవిడ అలా తినడం చూసి నాకెంతో తృప్తిగా అనిపించింది.

ఫాయిల్ నిప్పుల్లో కాలి బూడిదైపోదు. ముక్కలు ముక్కలై ఆ గుంటలోనే ఉండిపోతుంది. అన్నీ ఏరి చెత్త కవర్లో వేసుకుని తెచ్చేయండి, రాత్రి బయట వదిలితే వాసనకి రకూన్లు (తిండి వెతుక్కుంటూ తిరిగే చిన్న అడవి జంతువులు) వస్తాయి. పడుకునేముందు నిప్పుల మీద నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోయండి. చెయ్యి దగ్గర పెడితే వెచ్చదనం తెలియకూడదు.

బయల్దేరే ముందురోజు పార్కుకి ఫోన్ చేసి బర్న్ బ్యాన్ ఉందేమో కనుక్కోండి. ఉంటే కట్టెల మంట వేయనివ్వరు, గ్యాస్ స్టవ్ వరకు సాధారణంగా ఒప్పుకుంటారు, అదీ ఆ ఫోన్‌లోనే అడిగేయండి. అందుకే కార్లో చిన్న గ్యాస్ స్టవ్, మూత ఉన్న మూకుడు ఎప్పుడూ ఉంచుతాం. అదే చికెన్, అవే వంకాయలు అందులో సన్న సెగ మీద మూతపెట్టి మగ్గించుకోవచ్చు.