ఎక్కేటప్పుడే వెనక్కి చూసుకో

చిట్టితల్లీ,

మొన్న మీ నాన్న ఫోన్ చేసి, "అక్కా, నీ మేనకోడలు ఎవరూ పోని కొండలేవో వెతికి పట్టుకుంది. ఒక్కరోజులో దాటేస్తుందట. నువ్వైనా చెప్పు" అన్నాడు. వద్దని చెప్పమంటావా, వెళ్లిరమ్మని చెప్పమంటావా అని అడిగితే జవాబు లేదు. వాడి గొంతులో భయం ఎంతుందో గర్వమూ అంతే ఉంది. నా సంగతీ అంతే. నిద్ర పట్టక లేచి ఇది రాస్తున్నాను.

నీకు తెలిసినవి ముందు తేల్చేస్తాను. కొత్త బూట్లతో వెళ్లకు. కాలిగోళ్లు ముందురోజే కత్తిరించుకో, లేకపోతే దిగేటప్పుడు బూటు ముందుభాగానికి కొట్టుకుని నల్లబడతాయి. మడమ దగ్గర చురుక్కుమనగానే ఆగి టేపు వేసుకో, బొబ్బ లేచాక ఏం చేసినా బాధే. నడిచే గంటకు అర లీటరు నీళ్లు లెక్కేసుకో, ఎండైతే ఇంకా ఎక్కువ. ఉరుము వినపడితే శిఖరం పదడుగుల్లో ఉన్నా సరే, దిగిపో.

"18 కిలోమీటర్లే కదా, నాలుగు గంటల పని" అన్నావట. ఏ లెక్కన? 1892లో నైస్మిత్ అని ఒక స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు. ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, పైగా ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. నీ దారిలో ఎక్కుడు 900 మీటర్లుందట. అంటే ఆగకుండా నడిస్తేనే 5 గంటలు దాటుతుంది. అదీ మంచి బాట ఉండి, నడక అలవాటున్న కాళ్లకు. నువ్వు పోయేది ముళ్లకంపలు తప్పించుకుంటూ, రాళ్ల మీద అడుగు చూసుకుంటూ. దానికి సగం కలుపు. కూర్చోవడం, తినడం, ఫొటోలు వేరే. అందుకే తెల్లవారుజామునే మొదలుపెట్టు. ఇన్నింటికల్లా వెనక్కి తిరుగుతానని ఒక టైమ్ కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకో. పైకెక్కాక ఆ టైమ్ గురించి నీతో నువ్వే బేరం మొదలుపెడతావు. నాకు తెలుసు.

పేరున్న కొండకైతే బాట ఉంటుంది, దారి అడగడానికి ఎదురొచ్చే మనిషైనా ఉంటాడు. నువ్వెంచుకున్న వాటికి రెండూ ఉండవు. బాట అనుకుని పట్టుకున్నది పశువుల దారై, ఒక పొద దగ్గర ఠక్కున మాయమవుతుంది. ఫోన్‌లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేకపోయినా నువ్వెక్కడున్నావో చూపిస్తుంది, నిజమే. కానీ బ్యాటరీ అయిపోతే అది ఉత్త పలక. కాగితం మ్యాప్ కూడా పెట్టుకో.

ఇక అసలు సంగతి. మీ నాన్న నీకిది చెప్పి ఉండడు.

అప్పుడు నాకు 24, వాడికి 17. సెల్‌ఫోన్లు లేవు. ఇలాంటిదే, ఎవరూ పట్టించుకోని ఒక కొండ. ఎక్కడం హాయిగా అయిపోయింది. ఎక్కేటప్పుడు తప్పిపోవడం కష్టమమ్మా, ఏ గట్టు పట్టుకున్నా చివరికి అదే శిఖరానికి చేరుస్తుంది. దిగేటప్పుడే వస్తుంది తంటా. గొడుగు కడ్డీల్లా గట్లన్నీ శిఖరం దగ్గర కలిసుంటాయి, కిందికి పోయేకొద్దీ దూరమైపోతాయి. పైనుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. మేం పైన కూర్చుని, నాలుగు దిక్కులూ తిరిగి చూసి మురిసిపోయి, లేచి తోచిన గట్టు పట్టుకుని దిగాం.

అరగంట తర్వాత వాడు ఒక వంకర చెట్టు ముందు ఆగాడు. "అక్కా, పొద్దున ఈ చెట్టు చూడలేదు" అన్నాడు. "నోర్మూసుకుని నడువ్" అన్నాను. నాకూ అనుమానం వచ్చింది. కానీ తప్పు ఒప్పుకుంటే దిగినదంతా మళ్లీ ఎక్కాలి. ఇంకొంచెం చూద్దాం, ఇంకొంచెం చూద్దాం అనుకుంటూ దిగేకొద్దీ తిరిగి ఎక్కాల్సింది పెరుగుతూ పోయింది. చివరికి ఒక ఎండిన వాగు కనిపిస్తే, నీళ్లు పల్లానికే పోతాయి కదా అని అందులోకి దిగాను. నీళ్లు పల్లానికే పోతాయి, నిజమే. కానీ దూకుతూ పోతాయి. వాగు రెండు నిలువుల లోతున్న రాతి అంచు దగ్గర ఆగింది. వానాకాలంలో అది జలపాతమన్నమాట. మ్యాప్‌లో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు 20 మీటర్ల ఎత్తుకొకటి ఉంటే, ఇలాంటి అంచు వాటి మధ్యే దాక్కుంటుంది. పక్కనుంచి దిగబోయి మీ నాన్న చీలమండ మెలిక పడింది.

అప్పుడు నేను చేసింది ఇప్పటికీ గుర్తొస్తే కడుపులో తిప్పుతుంది. "ఇక్కడే ఉండు, దారి చూసొస్తా" అని వాణ్ణి వదిలేసి, ఉన్న ఒక్క టార్చీ పట్టుకుని వెళ్లాను. పావుగంటలో చీకటి పడిపోయింది. వెనక్కి తిరిగితే అన్ని రాళ్లూ ఒకే రాయి. అరిచాను. ఆ లోయలో నా గొంతే అన్ని పక్కలనుంచీ తిరిగొచ్చింది. ఎంతసేపని చెప్పను. చివరికి సన్నగా టక్, టక్ అని వినిపించింది. అరిచి అరిచి గొంతు పోయాక, వాడు రాయితో రాయిని కొడుతున్నాడు. ఆ చప్పుడు పట్టుకుని పాకుతూ వెళ్లాను. వాడి అరచేయి చర్మం లేచిపోయి ఉంది. తెల్లారేదాకా వీపులు ఆనించుకుని కూర్చున్నాం. వెలుగొచ్చాక చూస్తే, మేం రావాల్సిన గట్టు మా ఎడమ పక్కనే, లోయకు అవతల.

అందుకే అడుగుతున్నాను. ఎక్కేటప్పుడు ప్రతి పావుగంటకూ ఒకసారి వెనక్కి తిరిగి చూడు, దిగేటప్పుడు కనిపించేది ఆ దృశ్యమే. శిఖరం చేరగానే, కూర్చోకముందే, వచ్చిన గట్టు వైపు దిక్సూచి పెట్టి చూసుకో. పొద్దున చూడనిది ఏదైనా ఎదురైతే అక్కడే ఆగి, గుర్తున్న చోటుదాకా వెనక్కి ఎక్కు. పక్కనున్న వాళ్లు చెట్టు గురించి ఏమన్నా అంటే విను. వాగులోకి దిగకు. ఎవరికి దెబ్బ తగిలినా ఒక్కరినీ వదిలి పోకండి. టార్చీ మనిషికొకటి ఉండాలి, విజిల్ మనిషికొకటి ఉండాలి. నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి. కొండల్లో సాయం అడిగే గుర్తు అది. గొంతులా విజిల్ బొంగురుపోదు.

ఇదంతా చదివి మానేస్తావేమో అని ఇప్పుడు కొత్త టెన్షన్. మానకు. ఆ శిఖరం మీద గాలి తగిలినప్పుడు మీ నాన్న ముఖం ఎలా ఉందో నాకింకా గుర్తుంది. నీదీ అలాగే ఉంటుంది, నీకు వాడి పోలికే.

ఆ రాత్రి గురించి వాణ్ణి అడిగితే, "నేనే అక్కను పొమ్మన్నా" అంటాడు. ఇన్నేళ్లుగా అదే అబద్ధం. నమ్మకు.

నీ దారి మ్యాప్ మీద గీసి, వెనక్కి తిరిగే టైమ్ పక్కన రాసి, నాకు ఫొటో పంపు. కిందికి దిగాక ముందు నాకు ఫోన్ చెయ్యి. బూట్లు ఆ తర్వాత విప్పుదువుగాని.

నీ అత్త