ఒక్క సాక్సోఫోన్‌తో 70 నిమిషాలు: 'ఫర్ ఆల్టో' ఎలా వినాలి?

"తోడు వాయిద్యం ఒక్కటీ లేకుండా కేవలం సాక్సోఫోన్‌తో చేసిన అమెరికన్ జాజ్ కళాకారుడు ఆంథొనీ బ్రాక్స్‌టన్ ఆల్బమ్ 'ఫర్ ఆల్టో'ను అంత గొప్పదని ఎందుకంటారు? నాకు గోల తప్ప ఏమీ వినపడలేదు" అని కదా మీ ప్రశ్న.

మీరు ఎక్కడ ఆపేశారో నేను చెప్పగలను. రెండో ట్రాక్ దగ్గర. మొదటిది నిమిషం కూడా ఉండదు, మెల్లగా లోపలికి పిలుస్తుంది. ఆ వెంటనే జాన్ కేజ్‌కు అంకితమిచ్చిన తొమ్మిదిన్నర నిమిషాల ట్రాక్ వచ్చి నెత్తిన పడుతుంది. నాలుగున్నర నిమిషాల మౌనాన్ని కచేరీలో పెట్టిన స్వరకర్త కేజ్. ఆయన పేరు మీద ఆల్బమ్ మొత్తంలోకీ పెద్ద అరుపు! బ్రాక్స్‌టన్ ఇది కావాలనే చేశాడని నా గట్టి నమ్మకం.

నేను సంగీతం చదువుకున్నవాణ్ణి కాను. వయసు మళ్లాక ఆల్టో (ఈ ఆల్బమ్ పేరులో ఉన్న సాక్సోఫోన్ రకం) నేర్చుకుంటున్నవాణ్ణి. కాబట్టి నా అభిప్రాయం ఒకవైపుకే మొగ్గుతుంది: జీవితంలో ఒక్కసారైనా రీడ్ (ఊదితే కంపించే సన్నటి బద్ద) తడిపి, మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుని ఊదనివాళ్లు ఈ ఆల్బమ్ గురించి వ్యాసాలు రాయకూడదు. వాళ్లు రాసేవన్నీ సిద్ధాంతాలు, గణితం, తత్వం. వినేవాడు భయపడి పారిపోవడానికి సగం కారణం ఆ వ్యాసాలే. ఈ ఆల్బమ్‌లో నాకు వినపడేది పెదవి, నాలుక, ఊపిరి పడే కష్టం.

ఇది నాకు మా మాస్టారి వల్లే అర్థమైంది. ఆయనకు అరవై దాటాయి. గుంటూరు వైపు బ్యాండు మేళాల్లో ఏళ్ల తరబడి వాయించారు, ఇప్పుడు ఆదివారాలు చర్చిలో వాయిస్తారు. జాజ్ గురించి పెద్దగా తెలియదు, తెలుసుకోవాలన్న తొందర కూడా లేదు. జనరేటర్ మోతనూ డ్రమ్ములనూ దాటి ఊరేగింపు చివరిదాకా వినపడాలి, ఆయన నేర్చిందంతా అందుకోసమే. ఓ రోజు నా సాక్సోఫోన్‌లో రంధ్రం మూసే ప్యాడ్ ఒకటి మార్చడానికి ఇంటికొచ్చారు. పేపరు పరుచుకుని విడిభాగాలన్నీ దాని మీద పెట్టుకున్నారు. ఈలోగా ఏదో ఒకటి మోగుతుంటుందని ఈ ఆల్బమ్ పెట్టాను. నవ్వుతారనుకున్నాను.

"రికార్డింగ్ బాగోలేదు బాబూ" అన్నారు ముందు. నిజమే. 1969లో షికాగోలోని ఒక కమ్యూనిటీ హౌస్‌లో చేసిన రికార్డింగ్ అది, గట్టిగా ఊదినచోట శబ్దం పగిలిపోతుంది. తర్వాత కేజ్ ట్రాక్ దగ్గర ఆయన చేతులు ఆగిపోయాయి. క్రికెట్ కామెంటరీలా మొదలుపెట్టారు. "ఇక్కడ ఊదుతూ గొంతుతో కూడా అరుస్తున్నాడు... ఇప్పుడు కింది పెదవి బిగించాడు... ఆ కీచు పొరపాటున వచ్చింది కాదు, మళ్లీ తెచ్చాడు చూడు." నాకు అప్పటిదాకా గాలివానలా వినిపించిన ముద్ద కాస్తా ఒక్కో పనిగా విడిపోయింది. నేర్చుకునేవాడికి కీచు రావడం పెద్ద విషయం కాదు, నాకు రోజూ వస్తుంది. అదే కీచును అడిగినప్పుడు అడిగిన చోట రప్పించడమే విద్య.

ఆ ట్రాక్ అయిపోయాక మాస్టారు అడిగిన ప్రశ్న: "మరి మిగతావాళ్లు ఎప్పుడొస్తారు?"

ఎవరూ రారండీ, మొత్తం ఈయనొక్కడే అన్నాను. నమ్మలేదు. వయసెంత అని అడిగితే, అప్పటికి పాతికేళ్లు కూడా లేవని చెప్పాను. "అదీ సంగతి, నలభై దాటితే ఇలా ఊదలేడు" అని తేల్చేశారు. (ఇందులో ఆయన లెక్క తప్పింది. బ్రాక్స్‌టన్ ఆ తర్వాత దశాబ్దాల పాటు ఒంటరి కచేరీలు చేస్తూనే ఉన్నాడు.)

ఐదో ట్రాక్ వచ్చింది. 'డెడికేటెడ్ టు ఆన్ అండ్ పీటర్ అలెన్', దాదాపు 13 నిమిషాలు. అంతా నెమ్మది. చిన్న చిన్న స్వరాలు, మధ్యలో ఖాళీ, మళ్లీ ఒక స్వరం. మాస్టారు లేచి ఫ్యాను కట్టేశారు. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి మోకాళ్ల మీద చేతులు వేసుకుని విన్నారు. మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నారు. "ఆ ముందు విన్న అరుపులదాన్ని నెల రోజులు కూర్చుంటే నేనూ కొంతవరకూ ఊదగలను. ఇది నావల్ల కాదు" అన్నారు. మెల్లగా ఊదితే సాక్సోఫోన్ మాట వినదు. కింది స్వరాలు అసలు పలకవు, పలికితే ఒక్కసారిగా మొరుగుతాయి. అంత తక్కువ గాలితో స్వరాన్ని నిలబెట్టడానికి పొట్ట దగ్గర ఎంత బిగువు ఉండాలో ఊదినవాడికే తెలుస్తుంది. ప్యాడ్ పని ఆ రోజు పూర్తి కాలేదు, అది వేరే విషయం.

ఊదినవాళ్లకే అర్థమవుతుందని నేనంటే, మా స్నేహితుడొకడు వెంటనే ఫిల్ వుడ్స్ పేరు తెస్తాడు. నిజమే, ఆల్టోలో మహా ఘనుడైన వుడ్స్‌కు డౌన్‌బీట్ అనే జాజ్ పత్రికవాళ్లు పేరు చెప్పకుండా ఇందులో ఒక ట్రాక్ వినిపిస్తే చీదరించుకున్నాడు. నా వాదనకు అది దెబ్బే కానీ, నేను మాస్టారి వైపే. వుడ్స్ తన పద్ధతిలో వాయించనివాణ్ణి కొలిచాడు, మాస్టారు మాత్రం బ్రాక్స్‌టన్ ఏం చేస్తున్నాడో చూశారు.

ఇక "గోల" సంగతి. బ్రాక్స్‌టన్ ఈ పనికి ఊరికే దిగలేదు. షికాగోలో 1965లో నల్లజాతి సంగీతకారులు పెట్టుకున్న ఏఏసీఎం అనే సంఘంలో ఉండేవాడు. అక్కడ మొదటిసారి ఒంటరిగా కచేరీ చేస్తే కొద్ది నిమిషాలకే సరుకంతా అయిపోయి, వాయించిందే వాయించాల్సి వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. అప్పుడు ధ్వనులను రకాలుగా విడగొట్టుకున్నాడు. పొడుగు స్వరాలు ఒక రకం, కంపించేవి ఒక రకం, తుంపులు ఒక రకం, ఒకే ఊపిరిలో రెండు మూడు స్వరాలు కలిసి వచ్చేవి ఇంకో రకం. ఒక్కో రచనకు కొన్నిటినే తీసుకుని మిగతావి ముట్టుకోకూడదని నియమం. అందుకే ఈ ఎనిమిది ట్రాకుల్లో ఒకదానికొకటి పోలిక ఉండదు. మీరు రెండోది విని మొత్తం ఇంతేనని అనుకున్నారు.

అంతకుముందు ఎవరూ చేయలేదా అంటే, ముక్కలు ముక్కలుగా చేశారు. జాజ్ సాక్సోఫోన్ వాద్యకారుడు కోల్‌మన్ హాకిన్స్ 1948లో 'పికాసో' అని తోడు లేకుండా ఒకటి వాయించాడు. సోనీ రోలిన్స్, ఎరిక్ డాల్ఫీ కూడా కొన్ని పాటలు అలా రికార్డు చేశారు. 1971లో డెల్మార్క్ రికార్డు కంపెనీ 'ఫర్ ఆల్టో'ను రెండు ఎల్‌పీలుగా (పెద్ద గ్రామఫోన్ రికార్డులుగా) తెచ్చాక, పూర్తి ఆల్బమ్ ఒక్క సాక్సోఫోన్‌తో నిలబడగలదని తేలింది. తర్వాత స్టీవ్ లేసీ, ఇవాన్ పార్కర్, రాస్కో మిచెల్ లాంటి సాక్సోఫోన్ వాద్యకారులు ఆ దారిలో నడిచారు.

మా బంధువులు మాత్రం "అదేం సాక్సోఫోన్, కద్రి గోపాల్‌నాథ్ గారిని విను" అంటారు. వింటానండీ, మొక్కుతాను కూడా. కానీ కర్ణాటక సంగీతాన్ని సాక్సోఫోన్ మీద పలికించిన ఆయన పక్కన వయొలిన్ ఉండేది, మృదంగం ఉండేది, వెనకాల వందల ఏళ్ల కీర్తనలుండేవి. ఇక్కడ తాళం కూడా ఊపిరే పట్టుకోవాలి. ఇంకోపక్క 'మనసుకు హాయినిచ్చే సాక్సోఫోన్' అని గంటల తరబడి సాగే వీడియోలు. హోటల్ లిఫ్టుల్లో ఇప్పుడు అవే మోగుతున్నాయి. ఈ వాయిద్యానికి అంతకు మించిన అవమానం లేదు. అన్నట్టు, మా అపార్ట్‌మెంట్‌లో సాయంత్రం అరగంట సాధన చేస్తే సెక్రటరీ దగ్గరికి ఫిర్యాదు వెళ్తుంది. అదే కింద రోడ్డు మీద రాత్రి పన్నెండింటికి డీజే మోగితే అందరూ తలుపులు వేసుకుని పడుకుంటారు.

సరే, మీరు చేయాల్సింది. మొత్తం ఒకే సిటింగ్‌లో వినకండి. ఎల్‌పీ రోజుల్లో ఎవరూ అలా వినలేదు. దాదాపు ఇరవై నిమిషాలకొకసారి లేచి రికార్డు తిప్పాల్సిందే, ఆ విరామం మీకు ఇప్పుడు యాప్ ఇవ్వదు. ఐదో ట్రాక్‌తో మొదలుపెట్టండి. ఇయర్‌ఫోన్స్ వద్దు, గదిలో స్పీకర్ మీద, తక్కువ వాల్యూమ్‌లో. ఇంకో రోజు ఆరోది. అది దారిలో పడితే కేజ్ దగ్గరికి రండి, ఈసారి కీచులు ఎక్కడ మళ్లీ వస్తున్నాయో మాత్రమే వెతకండి. వయొలిన్ వాద్యకారుడు లెరాయ్ జెంకిన్స్‌కు అంకితమిచ్చిన చివరిది ఒక్కటే ఇరవై నిమిషాలకు దగ్గరగా ఉంటుంది, దాన్ని ఇప్పుడే ముట్టుకోకండి.

ఇంత చేసినా రుచించకపోతే రాస్కో మిచెల్ 'నోనా' వినండి. 1976లో స్విట్జర్లాండ్‌లోని విల్లిసావ్‌లో బ్రాక్స్‌టన్ బదులు ఆయన వేదికెక్కితే జనం గోల పెట్టారు. ఆయన తొమ్మిది స్వరాల ముక్క ఒకటి పట్టుకుని, వాళ్లు దారికి వచ్చేదాకా మళ్లీ మళ్లీ అదే వాయించాడు. జనం కేకలతో సహా మొత్తం రికార్డులో ఉంది. మీకు బ్రాక్స్‌టన్ మీద ఉన్న కోపం వాళ్ల కేకల్లో కలిసిపోతుంది, హాయిగా ఉంటుంది.