బాకీకి పేరొక్కటే చాలదు, వయసు కూడా రాయాలి

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా మధిర దగ్గర పల్లెటూరు. నాన్నగారి నుంచి వచ్చిన కిరాణా కొట్టు నడుపుతున్నాను. నెలకు సుమారు 2,75,000 రూపాయల అమ్మకం, అందులో లక్ష దాకా అరువే. 140 ఇళ్లకు ఖాతాలున్నాయి. నాలుగు పుస్తకాలూ కలిపి చూస్తే 3,20,000 రావాలి. సరుకుకు డబ్బు చాలక నూటికి రెండు రూపాయల వడ్డీకి 2 లక్షలు తెచ్చాను. ఖాతాలన్నీ ఫోన్లోకి ఎక్కిద్దామనుకుంటున్నాను, ఏ యాప్ మంచిది? అరువు అడిగినవాళ్ల దగ్గర ఆధార్ జిరాక్స్ తీసుకుంటున్నాను, పనికొస్తుందా? తిరువూరులో కొట్టున్న మా బావమరిది 40 లక్షల దాకా జీఎస్టీ అక్కర్లేదంటున్నాడు, నిజమేనా? నాలుగేళ్ల కిందటి పెళ్లి సరుకు తాలూకు 41,000 మా బాబాయి గారి దగ్గర అలాగే ఉండిపోయింది, దాన్నేం చేయాలి?

జవాబు: యాప్ సంగతి తర్వాత చూద్దామండి. ముందు మీరు రాసిన అంకెలనే పక్కపక్కన పెట్టి చూడండి. నెలకు లక్ష అరువిస్తున్నారు, రావలసింది 3,20,000. అంటే మూడు నెలలకు పైగా ఊరికి ఊరికే సరుకు పోసినట్టు. ఆ సరుకు కొనడానికి మీరు నెలకు 4,000 వడ్డీ కడుతున్నారు. నూటికి పది మిగులుతుందనుకున్నా, లక్ష అరువు మీద వచ్చే 10,000లో 4,000 వడ్డీకే పోతోంది. ఇక 2,000 బాకీ ఒకటి మునిగిందనుకోండి, మీరు పోగొట్టుకున్నది 1,800 పెట్టి కొన్న సరుకు. దాన్ని రాబట్టుకోవాలంటే మళ్లీ 18,000 వ్యాపారం చేయాలి. మీరు కిరాణా కొట్టుతో పాటు చిన్న ఫైనాన్సు కంపెనీ కూడా నడుపుతున్నారు. దానికి లెక్కలు మాత్రం లేవు.

మీ నాన్నగారి తరంలో చిట్టా వేరు, ఆవర్జా వేరు. ఏ రోజు పద్దు ఆ రోజు చిట్టాలో పడేది. రాత్రి కొట్టు కట్టేశాక ఎవరి పద్దు వాళ్ల పేజీలోకి, ఆవర్జాకు ఎక్కేది. మీ నాలుగు పుస్తకాల్లో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయని నా అనుమానం. ఖాతాబుక్ అయినా, ఓకేక్రెడిట్ అయినా, ఎక్సెల్ షీటయినా చేసేది ఆ పాత పనే. ఏది తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఫోను పోయినా లెక్క పోకుండా బ్యాకప్ ఉండాలి, గల్లాపెట్టె దగ్గర మీరు లేనప్పుడు కూర్చునేవాళ్లకు కూడా వాడటం రావాలి, అంతే. గజిబిజి పుస్తకాన్ని ఫోన్లోకి ఎక్కిస్తే ఆ గజిబిజి ఫోన్లో ఉంటుంది.

కాబట్టి పాత పుస్తకాలను మొత్తం ఎక్కించే పని పెట్టుకోకండి. ఉగాదికి కొత్త పుస్తకానికి పసుపు రాసి పూజ చేసుకోండి, నిలువ మాత్రం మార్చి 31 నాటికి తేల్చండి. ఒక్కో ఇంటికి ఒక్క అంకె, దాని కింద మీరు రాసుకోవలసిన అసలు వివరం: అందులో అన్నిటికంటే పాత పద్దు ఏ తేదీది? బాకీకి వయసు రాయడమంటే ఇదే. 6,000 బాకీ ఉన్నా నెలనెలా తిప్పుతున్న టీచరు గారి కంటే, రెండేళ్లుగా కదలని 1,500 బాకీ ప్రమాదం. పేర్ల వరుసలో రాసిన పుస్తకంలో ఇది ఎప్పటికీ కంటపడదు.

అలాగని వయసుంటే చాలదు, ఎవరి డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో కూడా చూడాలి. మీ ప్రాంతంలో మిర్చి రైతు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు ఖమ్మం మార్కెట్‌కు బస్తాలు తోలాక గానీ ఇవ్వలేడు. పత్తి వేసినవాళ్లకు దసరా దాటాలి. ఉద్యోగికి ఒకటో తారీఖు, కూలికి వెళ్లేవాళ్లకు వారం. అందరికీ ఒకే రోజు ఫోన్లో రిమైండర్ పంపితే మీకు పరువు నష్టం తప్ప పైసా రాదు. ప్రతి ఖాతాకూ నెల బాకీ, పంట బాకీ, వారం బాకీ అని గుర్తు పెట్టి, ఎప్పుడిస్తామన్నారో ఆ తేదీ రాయండి. ఆ తేదీ దాటిన ఖాతాలే మీరు అడగవలసినవి.

ఖాతా మనిషి పేరు మీద కాదు, ఇంటి మీద తెరవండి. ఒకే ఊళ్లో లక్ష్ములు ఎంతమంది ఉంటారో మీకు నేను చెప్పాలా? ఇంటిపేరు, వాడ, ఫోన్ నంబరు, ఆ ఇంటి తరఫున సరుకు పట్టుకెళ్లేది ఎవరెవరు, ఎంత దాకా ఇవ్వొచ్చు. ఇవి చాలు. నాకు తెలిసిన తగాదాల్లో ఎక్కువ భాగం ‘మా పిల్లాడు ఎప్పుడు పట్టుకెళ్లాడు?’ అన్న దగ్గరే మొదలయ్యాయి. పాలకార్డు లాంటి చిన్న పుస్తకం వాళ్లింట్లోనూ ఒకటి ఉంటే ఆ మాట రాదు.

ఆధార్ జిరాక్స్‌లు మానేయండి. ఆ కాగితం చూపిస్తే బాకీ వసూలు కాదు సరికదా, ఎవరి చేతిలోనైనా పడితే మాట మీ మీదికి వస్తుంది. డిజిటల్ రూపంలో ఉంచుకున్న వ్యక్తిగత వివరాలకు 2023లో చట్టం కూడా వచ్చింది. బాకీదారుల జాబితాను ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టే ఆలోచన ఉంటే అదీ వద్దు.

మీకు నిజంగా పనికొచ్చేది సంతకం. గడువు చెప్పకుండా అరువిచ్చిన సరుకు డబ్బు కోసం దావా వేయాలంటే, లిమిటేషన్ చట్టం ప్రకారం సరుకిచ్చిన నాటి నుంచి మూడేళ్లే గడువు. ఆ లోపు ‘ఇంత ఇవ్వాలి’ అన్న అంకె కింద వాళ్లు తేదీ వేసి సంతకం పెడితే, అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. 800 రూపాయలకు ఎవరూ కోర్టుకెక్కరు, ఎక్కమని నేనూ అనను. కానీ సంతకం పెట్టిన అంకెను ఆర్నెల్ల తర్వాత కాదనడం కష్టం.

జీఎస్టీ విషయంలో మీ బావమరిది ఆయన వరకు కరెక్టే. సరుకులు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షల పరిమితి, తెలంగాణలో 20 లక్షలే. మీ అమ్మకం ఏడాదికి 33 లక్షలు. పన్ను లేని సరుకు కూడా ఈ లెక్కలోకి వస్తుంది కాబట్టి రిజిస్ట్రేషన్ కావాలి. మీలాంటివారికి కాంపోజిషన్ పద్ధతి నప్పుతుంది. పన్ను పడే అమ్మకాల మీద 1 శాతం కడితే సరిపోతుంది, అయితే దాన్ని గిరాకీల దగ్గర విడిగా వసూలు చేయకూడదు. ఒక మెలిక గుర్తుంచుకోండి: అరువు అమ్మకం మీద కూడా పన్ను కట్టాల్సిందే, డబ్బు చేతికొచ్చిందా లేదా అని చూడరు. ఆదాయపు పన్ను రిటర్ను అంచనా లాభం పద్ధతిలో, అంటే అమ్మకంలో కొంత శాతాన్నే లాభంగా చూపి, వేస్తుంటే, మునిగిన బాకీని విడిగా తగ్గించుకునే వీలూ లేదు. ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఆలస్యమైంది కనుక ఈ వారంలోనే ఆడిటరు గారిని కలవండి.

లెక్కలు తేలి, ఫోన్‌పే డబ్బులు కొట్టు పేరున ఉన్న ఖాతాలోనే పడుతుంటే, ఆ కాగితాలతో బ్యాంకుకు వెళ్లి ముద్ర రుణం అడగండి. కిశోర్ విభాగంలో 50,000 దాటి 5 లక్షల దాకా హామీ లేకుండా ఇస్తారు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. దాన్ని ముందు వదిలించుకోండి.

మీ ఉత్తరం చివర్లో మీ బాబాయి గారి 41,000 సంగతి రాశారు. నాలుగేళ్ల కిందటి పెళ్లి సరుకు కాబట్టి దానికి ఇప్పుడు ఒట్టి సంతకం చాలదు. ఇంత ఇస్తానని ఆయన రాసి సంతకం పెట్టాలి, అప్పుడే దానికి మళ్లీ చెల్లుబాటు. కొత్త పుస్తకంలో మొదటి పేజీ ఆయనదే పెట్టండి. సొంత బాబాయి చేతే రాయించారని తెలిస్తే మిగతా 139 ఇళ్లవాళ్లూ మారుమాట్లాడకుండా పెన్ను అందుకుంటారు.