బిల్లు పెట్టుకోమనకు, డబ్బు ముందే ఇవ్వు

అమ్మా,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. నువ్వు హెచ్ఓడీ అయ్యావంటే నాకే ప్రమోషన్ వచ్చినట్టుంది. మీ ఫిజియాలజీ డిపార్ట్‌మెంట్లో ముగ్గురి అబ్‌స్ట్రాక్టులు (పరిశోధన సారాంశాలు) సదస్సులకి యాక్సెప్ట్ అయితే, ఇద్దరు "ఈసారికి వెళ్లలేం మేడం" అంటున్నారనీ, ఈ పిల్లలకి ఆసక్తి తక్కువేమోననీ రాశావు. ఆసక్తి లేక కాదు, మొహమాటం. చేతిలో డబ్బు లేదని గైడ్ ముందు ఎవరు నోరు విప్పుతారు? ఇంట్లో పెళ్లి ఉందంటారు, అమ్మకి ఒంట్లో బాగాలేదంటారు. మనం నమ్మేస్తాం.

నేను చేసిన తప్పొకటి చెబుతాను. ఒక కాలేజీలో ఉన్నప్పుడు ఓ కుర్రాణ్ణి "నువ్వు వెళ్లిరా, బిల్లు పెడితే వచ్చేస్తుంది" అని ధైర్యం చెప్పి పంపాను. వాడు స్నేహితుల దగ్గర చేబదులు తీసుకుని వెళ్లాడు. తిరిగొచ్చాక ఒక బోర్డింగ్ పాస్ లేదని ఆఫీసులో ఫైలు మూడుసార్లు వెనక్కి కొట్టారు. డబ్బు చేతికొచ్చేసరికి పదకొండు నెలలు పట్టింది. అన్నాళ్లూ వాడి స్టైపెండ్‌లో సగం అప్పులకే పోయిందట. నా ఎదురుగా మాత్రం నవ్వుతూనే తిరిగాడు. మరుసటి ఏడు అసలు అబ్‌స్ట్రాక్టే పంపలేదు. ఎందుకో నాకు తెలిసింది వాడి పెళ్లిలో, అదీ ఇంకెవరో చెబితే.

కాబట్టి ముందు అడ్వాన్స్ కోసం నోట్ పెట్టు. రిజిస్ట్రేషనూ టికెట్టూ డిపార్ట్‌మెంటే నేరుగా కట్టేలా చూడు. నీ ప్రాజెక్టులో ట్రావెల్ కింద వచ్చే డబ్బు నీ ప్రయాణాలకే దాచుకోకు. 1974లో ప్రపంచ ఫిజియాలజీ కాంగ్రెస్ ఢిల్లీలో జరిగినప్పుడు నేను ట్యూటర్ని. మా ప్రొఫెసర్ గారు ఒక కవరు చేతిలో పెట్టి, "జీటీ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీసుకో, మిగిలితే స్వెట్టర్ కొనుక్కో" అన్నారు. లెక్క అడగలేదు. బయోకెమిస్ట్ యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా వెళ్లింది మాత్రం సొంత డబ్బుతోనా? మామగారు సర్దిన సొమ్ముతో, కాకినాడ సత్యలింగ నాయకర్ చారిటీస్ ఇచ్చిన భరోసాతో. కండరంలో శక్తిని నిల్వ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్ ఆయన చేతుల్లో బయటపడింది ఆ తర్వాతే కదా.

బయటి గ్రాంట్లకీ పెట్టించు. పరిశోధనలకి డబ్బిచ్చే కేంద్ర సంస్థ సెర్బ్ ఇప్పుడు ఏఎన్ఆర్ఎఫ్‌లో కలిసిపోయింది. అక్కడా, వైద్య పరిశోధనల సంస్థ ఐసీఎంఆర్‌లోనూ ఎప్పుడు అప్లై చేయాలో ఇప్పుడే చూసుకోండి. యాక్సెప్టెన్స్ వచ్చాక మేలుకుంటే తేదీలు దాటిపోతాయి. ఫిజియాలజీ సొసైటీల్లో చాలావరకు ట్రావెల్ గ్రాంటు సభ్యులకే ఇస్తాయి. స్టూడెంట్ మెంబర్‌షిప్ ఫీజు తక్కువే, చేరిన మొదటి ఏడే కట్టించెయ్. ఫీజు తగ్గించమని నిర్వాహకులకి మెయిల్ రాయడానికి కూడా సిగ్గుపడొద్దని చెప్పు.

జర్మనీ వెళ్లే అబ్బాయి సంగతి. యూరప్‌లో చాలా దేశాలకి చెల్లే షెంజెన్ వీసాకి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. స్లాట్లు దొరక్క టెన్షన్ పడేది చివర్లో పరిగెత్తేవాళ్లే. 30,000 యూరోల కవరేజీతో ఇన్సూరెన్స్ కావాలి, బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు. వాడి ఖాతాలో ఏముంటుంది పాపం? ఖర్చంతా డిపార్ట్‌మెంటుదేనని లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టి ఇవ్వు.

ఇక పోస్టర్. ప్రాణాయామమూ హార్ట్ రేట్ వేరియబిలిటీ (గుండె కొట్టుకునే వేగంలో హెచ్చుతగ్గులు) అన్నావు. (మన దేశంలో ఏ ఫిజియాలజీ సదస్సుకి వెళ్లినా గోడనిండా అవే!) వాణ్ణి తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు. నిమిషానికి ఆరుసార్లు ఊపిరి తీస్తే అది 0.1 హెర్ట్జ్. అంటే శ్వాస వల్ల వచ్చే హెచ్చుతగ్గులు హెచ్ఎఫ్ అనే ఎక్కువ ఫ్రీక్వెన్సీ భాగంలోంచి జారి, 0.04 నుంచి 0.15 హెర్ట్జ్ దాకా ఉన్న ఎల్ఎఫ్ అనే తక్కువ ఫ్రీక్వెన్సీ భాగంలో పడతాయి. అప్పుడు ఎల్ఎఫ్ పెరిగింది కాబట్టి సింపథెటిక్ (ఒత్తిడిలో గుండెని పరుగెత్తించే నరాల) పని పెరిగిందంటే ఎవడు ఒప్పుకుంటాడు? ఈ ప్రశ్న అక్కడ ఎవరో తెల్లాయన అడిగి కుర్రాడు నీళ్లు నమిలేకంటే, ఇక్కడ నువ్వడగడం మేలు. కారిడార్లో పోస్టర్ అంటించి, పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లని కూడా పిలిచి, నాలుగుసార్లు చెప్పించు. పోస్టర్ గుడ్డ మీద ప్రింటు చేయిస్తే మడిచి బ్యాగులో పెట్టుకోవచ్చు.

ఇక్కడి సదస్సుకి నువ్వూ వెళ్తున్నావుగా. భోజనాల దగ్గర మన పాతబ్యాచ్ వాళ్లతో గుంపుగా కూర్చోకు. వీళ్లని తీసుకెళ్లి ఒక్కో పెద్దాయనకి పేరూ పనీ చెప్పి పరిచయం చేసి, నువ్వు పక్కకి తప్పుకో. నువ్వు అక్కడే నిలబడితే వాళ్లు మాట్లాడరు.

ఎనిమిది నెలల పాప ఉన్న అమ్మాయిని మాత్రం "వెళ్తావా" అని మళ్లీ అడగకు. రిజిస్ట్రేషన్ కట్టేసి, పోస్టర్ ఏ రోజో చెప్పు. పాపని చూసుకోవడానికి వాళ్లమ్మ వెంట వెళ్లాలి; ఆమె రైలు టికెట్ ఏ గ్రాంటులోనూ పడదు. అది నేను పెట్టుకుంటాను. అకౌంట్ నంబరు వాట్సాప్ చెయ్యి, నా పేరు మాత్రం చెప్పకు.

ఇట్లు,
మీ మాస్టారు